గోడ మీద చెరిపేసిన నంబరు

మొన్న మనవరాలితో కలిసి పోర్ట్ బ్లెయిర్‌లోని హాడోలో ఫోన్లు బాగుచేసే దుకాణానికి వెళితే, అక్కడి మనిషి నా ఫోన్ అందుకుని, చీటీ ముక్క ఒకటి ముందుకు తోసి, పాస్‌వర్డ్ రాసిచ్చి వెళ్లమన్నాడు. తెరవాల్సి వచ్చినప్పుడు నేనే నొక్కుతానని, అందాకా అక్కడున్న బల్ల మీదే కూర్చుంటానని చెప్పాను. మనవరాలు సిగ్గుతో తల దించుకుంది. ఆ నాలుగంకెల కోసం ఒకప్పుడు నేను ఇంట్లో ఎంత పోరు పడ్డానో ఆ పిల్లకేం తెలుసు? నా ఈడు ఆడవాళ్లకైతే ఇట్టే అర్థమవుతుంది.

అప్పటికి మా ఆయన పోయి రెండేళ్లు. వండూర్ పల్లెలో బావగారింట్లో ఉంటూ, రోజూ చేపల గంపతో పోర్ట్ బ్లెయిర్ బస్సెక్కేదాన్ని. టచ్ ఫోన్ నా కష్టంతోనే కొనుక్కున్నాను. బావగారు చెడ్డవారు కారు గానీ, ఇంటి ఆడవాళ్ల పాస్‌వర్డ్‌లన్నీ వంటింటి గుమ్మం పక్క గోడ మీద పెన్సిల్‌తో రాయించేవారు. మేం మరిచిపోతామని ఆయన భయమట. వచ్చేపోయే చుట్టాలంతా నా నంబరు చదువుకుంటూనే మంచినీళ్లు తాగేవారు.

ఒకనాడు కిటకిటలాడే బస్సులో, నేను గంప దించుకునే హడావుడిలో ఉండగా, ఎవరో సంచి కోసి ఫోన్ పట్టుకుపోయారు. నా దగ్గర చేపలు కొనే ఇళ్ల నంబర్లన్నీ అందులోనే ఉన్నాయి. ఏడుపు దిగమింగుకుని ఇంటికొస్తే, బావగారు తాపీగా, "పోతే పోనీయమ్మా, నీకు ఫోనేటికి? నాది నేదా ఏటి?" అన్నారు. దొంగ చేసినదానికన్నా ఆ మాటే నన్ను ఎక్కువ మండించింది. ఫోన్ కొన్ననాటి అట్టపెట్టె చంకలో పెట్టుకుని మళ్లీ బస్సెక్కి, ముందు సిమ్ ఆపించి, అటునుంచి అటే స్టేషన్‌కు వెళ్లాను.

అక్కడున్న పోలీసాయన జాలిగానే, "ఛోడ్ దో దీదీ, ఛోటా ఫోన్ హై" అని, చిన్న ఫోనేగా వదిలెయ్యమన్నాడు.

"ఛోటాదైతే ఏటి భయ్యా, నాది! లిఖో," అని, రాయాల్సిందేనంటూ కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఏ ఫోనో గుర్తుపట్టేందుకు పెట్టె మీద వేసిన పొడుగు నంబరు చూసి ఆయన ఫిర్యాదు రాసేదాకా లేవలేదు.

కొన్నాళ్లకు కబురొచ్చింది. ఫెరార్గంజ్‌లో ఎవడో ఆ ఫోన్ అమ్మజూపితే, తాళం తీయలేక నీళ్లు నమలడం చూసి కొట్టువాడు అనుమానంతో పోలీసులకు చెప్పాడట, పెట్టె మీది నంబరుతో సరిపోయిందట. అద్దం పగిలినా ఫోన్ నా చేతికొచ్చింది. ఆ రోజే నంబరు మార్చి, గోడ మీది పాతదాన్ని తడిగుడ్డతో తుడిచేశాను.

"కొత్తది రాయవేటమ్మా?" అన్నారు బావగారు.

"నా బుర్రలో రాసుకున్నాను బావా. ఇంకెక్కడా రాయను," అన్నాను. ఆ ఇంట్లో ఆయన మాటకు ఎదురుచెప్పడం నాకదే మొదలు. వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఎనిమిదో రోజున ఆయన భార్య, మా తోటికోడలు, చేపలు తోముతున్న నా పక్కకొచ్చి చతికిలబడి, "నాకూ మార్చడం సూపించవే," అని తన ఫోన్ నా ఒళ్లో పెట్టింది.

మా పుట్టిల్లూ వండూరే. మా చిన్నతనంలో అక్కడి ఇళ్లకు తాళాలుండేవి కావు, తలుపు చేరవేసి ఎక్కడికైనా వెళ్లేవాళ్లం. ఆ రోజులు తలుచుకుని మా తరంవాళ్లు నిట్టూరుస్తారు, నేనూ నిట్టూరుస్తాను. కానీ తాళాల్లేని ఆ పుట్టింట్లో మా అమ్మకు తనదని చెప్పుకోవడానికి ఒక్క పెట్టె కూడా ఉండేది కాదు. ఉండి ఉంటే అందులో ఏం దాచుకునేదో, నేనెప్పుడూ అడగలేదు.