పుర్రచేతి పురి

శుక్రవారం, పొద్దున పదకొండుంపావు. రేపల్లెలో నా మనవరాలు చదివే హైస్కూలు. బయాలజీ టీచరు కబురు చేస్తే గోగునార తాళ్ళు చంకన పెట్టుకుని వెళ్ళాను.

పని ఇది. మన ఒంట్లో కంటికి ఆననంత చిన్న నిచ్చెన మెలితిరిగి ఉంటుందట. డీఎన్ఏ అంటారు. తాళ్ళతో దాని నమూనా కట్టాలి. మర్నాడు బాపట్లలో సైన్సు ప్రదర్శన. బడికి ఒక్క నమూనాకే చోటు. పక్క సెక్షన్ వాళ్ళు అట్టముక్కలతో చేసి సిద్ధంగా పెట్టారు. పన్నెండున్నరకి మధ్యాహ్నం బెల్లు కొట్టేలోపు మా పిల్ల జట్టుది తప్పు లేకుండా తయారైతే ఇది తెనాలి మీదుగా బాపట్ల రైలెక్కుతుంది, లేదంటే అది. ఇంతవరకు దేనికీ ఎంపిక కాని పిల్ల మాది. పొద్దున టిఫిన్ కూడా ముట్టలేదు.

తాడు పేనడం చిన్నప్పుడే కొలకలూరులో మా నాన్న దగ్గర నేర్చుకున్నాను. అక్షరాలు మాత్రం చర్చిలో పాటల పుస్తకం నేనే చూసి పాడాలని యాభై ఏడో ఏట దిద్దాను.

"ఇందులో నాలుగే అక్షరాలు మామ్మగారూ," అంది టీచరు. "ఏ, టీ, జీ, సీ. ఏకి ఎదురుగా టీనే రావాలి. జీకి ఎదురుగా సీ."

"నాలుగేనా? తెలుగు అక్షరాలకి నాకు రెండేళ్ళు పట్టింది. నాలుగింటితో దేవుడు మనిషిని రాసేశాడా?"

జట్టు పిల్లలు ముగ్గురూ నవ్వారు. నేను నవ్వించడానికి అనలేదు. నిచ్చెన మెట్లకి రంగులేసిన వెదురు పుల్లలు తెచ్చారు, మెట్టుకి రెండు ఎదురెదురుగా. ఎరుపూ ఆకుపచ్చా జత ఏ-టీ, నీలం పసుపూ జత జీ-సీ. ఒకపక్క పమిట కొంగు కప్పి, రెండోపక్క రంగు చూసి కప్పిందేమిటో చెప్పాను. ఒక్కటీ తప్పలేదు.

"కణం చేసేది అదేనండి. రెండు పక్కలూ విడిపోయి, ఒక్కోదాన్ని బట్టి రెండోది కట్టుకుంటుంది," అంది టీచరు.

రెండు తాళ్ళ మధ్య పుల్లలు బిగించి, నిచ్చెన కిటికీ చువ్వకి వేలాడదీసి, కింది కొసలు పట్టుకుని నా చెయ్యి పోయినట్టు మెలితిప్పి కింద ఒక చెక్కకి కట్టేశాను. టీచరు పుస్తకంలో బొమ్మ చూసింది, నిచ్చెన చూసింది, మళ్ళీ బొమ్మ చూసింది.

"మామ్మగారూ, ఇది ఎడమ పురి అయిందండి. కుడి పురి కావాలి."

పురి అంటే తాడు మెలి తిరిగే తీరు. నాది పుర్రచెయ్యి. అరవై ఏళ్ళుగా నేను పేనిన ప్రతి తాడూ ఎడమకే తిరిగింది. ఏ గేదే అభ్యంతరం చెప్పలేదు.

"మామ్మా! ఏంటి ఇది? పన్నెండు దాటింది!" నా మనవరాలి కళ్ళల్లో నీళ్ళు.

జట్టులో ఒక పిల్ల అంది, "తలకిందులు చేస్తే సరిపోద్ది టీచర్!"

"తలకిందులు చేసినా పురి మారదే పిచ్చిదానా. ఇదిగో, చూడు." మిగిలిన తాడు ముక్క విసిరాను. అటు తిప్పారు, ఇటు తిప్పారు. మారలేదు. టీచరు కూడా తీసుకుని తిప్పి చూసింది. "అద్దంలో చూస్తే మారుద్ది," అన్నాను. ఇంకో పిల్ల సంచిలోంచి చిన్న అద్దం తీసింది. మారింది.

కానీ అద్దాన్ని బాపట్ల పంపలేం. కట్టు విప్పాను. కుడికి తిప్పబోతే రెండు చుట్లకే నా చెయ్యి మళ్ళీ ఎడమకి మళ్ళింది.

"నువ్వు చెయ్యి తియ్యి మామ్మా," అంది నా మనవరాలు. ఇంకోరోజైతే ఒక్కటిచ్చేదాన్ని. తీశాను. తనే తిప్పింది. రెండు పుల్లలు ఊడితే తనే దూర్చింది. కంగారులో ఎరుపుకి ఎదురుగా పసుపు పెడితే "ఏకి టీ కదే!" అన్నాను. సరిచేసి ముడేసింది.

టీచరు బొమ్మ పక్కన పెట్టుకుని మెట్టు మెట్టుకీ పోల్చి చూస్తుంటే అడిగాను. "కుడికే ఎందుకు తిరగాలి?"

"అందులో ఒకరకం చక్కెర ఉంటుందండి. దాని వాటం అది."

"చక్కెరకీ చేతివాటమా?"

"ఉంటుందండి. అద్దంలో చూసినట్టు రెండు రకాలు. ఒంట్లో ఉన్నది ఒక్కటే."

"ఆ ఒక్కటే ఎందుకు?"

"అది నాకూ తెలీదు మామ్మగారూ."

తెలీదన్న టీచరుని నా జన్మలో అప్పుడే చూశాను. మంచి టీచరు.

బెల్లు కొట్టింది. "ఇదే తీసుకెళ్దాం. నలగకుండా మోసేదెవరు?" అంది టీచరు. నా మనవరాలు అప్పటికే ఎత్తుకుంది.

ఆరోజు ఆ గదిలో ఉన్నవాళ్ళం: టీచరు, తలకిందులు చేద్దామన్న పిల్ల, అద్దం తీసిన పిల్ల, నా మనవరాలు, నేను. గుమ్మంలో నిలబడి చూసిన పక్క సెక్షన్ పిల్లలు ఇద్దరు. వాళ్ళు చప్పట్లు కొట్టలేదు. వాళ్ళ చోట ఉంటే నేనైనా కొట్టను.