అంబాసిడర్ శ్రుతి

మా అపార్ట్‌మెంటులో కరెంటు పోయినప్పుడల్లా కింద జనరేటరు మొదలవుతుంది. మిగతావాళ్ళు ఫ్యాను తిరిగిందా లేదా అని చూస్తారు. నేను మాత్రం కూర తరుగుతూ, ఆ మోతలోంచి ఒక 'స' ఏరుకుని గొంతులో పెట్టుకుంటాను. నిన్న మావారు, "నువ్వు దానికి పక్కవాద్యమా, అది నీకా?" అని అడిగారు. ఈ అలవాటు నాకు అంటించింది ఉదయగిరిలో మా పక్కింటి మస్తాన్ మాస్టారు.

ఆయన పౌరాణిక నాటకాలకు హార్మోనియం వాయించేవారు. నాటకాలు లేని రోజుల్లో వీధి పిల్లలకు సరళీస్వరాలు చెప్పేవారు. ఇంట్లో ఉర్దూ, మాతో తెలుగు, హార్మోనియం పెట్టెతో రెండూ కాని ఒక గొణుగుడు. ఆరో తరగతిలో నేను ఆయన దగ్గర చేరాను. మా నాయన తాలూకాఫీసు గుమాస్తా. సంగీతం మీద ఆయనకు కోపమేమీ లేదు, అది సాయంత్రం ఐదింటికి జరగడం మీద తప్ప. అదే వేళకు వెనక వీధిలో లెక్కల ట్యూషను ఉండేది. "బడి వార్షికోత్సవంలో నలుగురి ముందర ఒక పాట పాడనీ మస్తానూ. బాగా పాడితే నీ దగ్గరే. లేకుంటే లెక్కలకు పంపిస్తా," అని తేల్చేశాడు. నేర్చుకున్నది ఒకటే గీతం. నా భవిష్యత్తంతా దాని మీద ఉంది.

సరిగ్గా వార్షికోత్సవానికి ముందు మా అవ్వకు పాత తిరుపతి మొక్కు గుర్తొచ్చింది. దాన్ని వాయిదా వేయమని చెప్పే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు. నాయన ఒక అంబాసిడర్ బాడుగకు మాట్లాడాడు. తిరిగొచ్చిన మరునాడే నా పాట. మాస్టారి హార్మోనియం తీసుకుపోదామంటే, డిక్కీలో అవ్వ బియ్యం మూట, కిరసనాయిలు స్టవ్వు, చింతకాయ తొక్కు జాడీ ముందే ఎక్కి కూర్చున్నాయి.

"ఒక్క రోజు గూడా సాధన ఆపొద్దు పాపా," అన్నారు మాస్టారు.

"శ్రుతి లేకుండా ఎట్ట మాస్టారూ?"

"కారు ఉండాది గదా. స్పీడు అందుకున్నాక ఒకే మోతలో పోతాది. దాన్ని పట్టుకో. జనరేటరు మోతకే పద్యం ఎత్తుకున్నోళ్ళను చూసినాను నేను."

ఆత్మకూరు దాటాక మొదలుపెట్టాను. "రమణయ్యా, ఇదే స్పీడులో పోనీ. ఇంతకంటే తొక్కితే పాప గొంతు అందదు," అన్నాడు నాయన డ్రైవరుతో. రమణయ్య అట్లాగే పోనిచ్చాడు. సంగం దగ్గర ఒక ట్రాక్టరు, గడ్డి మోపులతో సహా, మమ్మల్ని దాటిపోయింది.

"సార్, ఇది కార్ల స్టాండులో తెలిస్తే నేను తలెత్తుకోలేను."

"పాట అయిపోనీ."

"అయిపోతానే మళ్ళా మొదలు పెడతాండాది గదా సార్."

"పోనీలేరా," అంది అవ్వ. "ఇన్నాళ్ళు ఆగిన స్వామి ఇంకో పూట ఆగలేడా?"

రెండో రోజుకు రమణయ్యకు ఆ గీతం నచ్చడం మొదలైంది. ముఖ్యంగా మూడో వరుస. అది రాగానే ఆయన తల ఒక పక్కకు వాలేది, యాక్సిలరేటరు మీద కాలు తేలికయ్యేది, ఇంజను మోత కాస్త దిగేది. మాస్టారి మాట జవదాటకూడదు కనుక నేనూ దిగేదాన్ని. వరుస అయిపోగానే ఆయన తొక్కేవాడు, నేను ఎక్కేదాన్ని. ఇక ఇల్లు చేరేదాకా ఇదే తంతు. ఎవరికీ ఏ లోపమూ వినిపించలేదు. కారులో అందరం ఒకే శ్రుతిలో ఉన్నాం మరి.

వార్షికోత్సవం నాడు మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని పెట్టె ముందు కూర్చున్నారు. నాయన ముందు వరుసలో, ట్యూషను చెప్పే లెక్కల మాస్టారి పక్కనే కూర్చున్నాడు. రెండు వరుసలు బాగానే నడిచాయి. మూడోది రాగానే నా గొంతు, ఎవరో కాలు తీసినట్టు, మెల్లగా దిగింది. హార్మోనియం పైనే ఉండిపోయింది. రెండూ ఒకదాన్నొకటి రాసుకున్నాయి. ఐదింటికి ఇక లెక్కలే అనుకున్నాను. మాస్టారు నా వైపు చూడనైనా లేదు. వేళ్ళు ఒక మెట్టు కిందికి జరిపారు, అంతే. మునిగేవాడి కాలికి నేల తగిలినట్టయింది నాకు. వరుస చివర ఆయన మళ్ళీ పైకి జరిపారు, ఈసారి నాకంటే వెంట్రుకవాసి ముందుగా. నేను ఆ వెనకే ఎక్కాను. వేషం కట్టినవాడు ఎటు జారితే అటు పోయి పట్టుకురావడం నాటకాల్లో ఆయనకు రోజూ ఉండే పనే.

చప్పట్లు అయ్యాక నాయన వచ్చాడు. "ఏంది మస్తానూ, మధ్యలో ఏదో దిగినట్టుండాదే?"

"దిగినాం సార్. ఇద్దరం కలిసే దిగినాం," అన్నారు మాస్టారు, పెట్టె మూస్తూ.

ఇద్దరు కలిసి చేసింది పొరపాటు కాదని నాయనకు ఆఫీసు అనుభవం చెప్పినట్టుంది. "సరే, రేపట్నించి ఐదింటికే పంపిస్తా," అని వెళ్ళిపోయాడు.

అప్పుడు అడిగారు మాస్టారు. "ఆడ ఎందుకు దిగినావు పాపా?"

"ఆడ రమణయ్య కాలు తీస్తాడు మాస్టారూ."

సంగతంతా చెప్పించుకుని, భుజాలు కదిలేంతగా నవ్వారు. "నేను ఇంజన్ను వినమన్నాను. ఇంజన్ను నడిపేటోడు నిన్ను వింటాడని అనుకోలేదు."

మరునాటి నుంచి మూడో వరుస ఒక్కటే పాడించారు, వారం పాటు, నాయనకు వినపడకుండా తలుపు వేసుకుని.

మాస్టారు పోయి చాలా ఏళ్ళయింది. నేను విద్వాంసురాలినీ కాలేదు, నాకు లెక్కలూ రాలేదు. కాలేజీలో పాఠాలు చెప్పుకుంటున్నాను. సెమినారులో ఏ పిల్లో నలుగురి ముందు మాట్లాడుతూ దారి తప్పి బిక్కచచ్చిపోయినప్పుడు, నేను ఆమె తప్పిన చోటికే పోయి, అక్కడి నుంచి ఒక ప్రశ్న అడుగుతాను. జవాబు చెబుతూ ఆ పిల్ల తన దారిలో పడుతుంది. వింటున్నవాళ్ళు అది చర్చ అనుకుంటారు. ఎక్కడ తప్పిందో మేమిద్దరం తర్వాత మాట్లాడుకుంటాం.