సఖావత్ బట్ కొట్టిన సిక్సర్

గుజ్రాన్‌వాలాలో మా పక్క సందులో ఉండే సఖావత్ బట్ పాకిస్తాన్ తరఫున ఒకే ఒక్క టెస్టు ఆడాడు. ఫైసలాబాద్‌లో చివరి రోజు, ఓటమి ఖాయమని సగం జనం లేచి వెళ్ళిపోయాక, నాలుగు గంటలు క్రీజులో పాతుకుపోయి పంతొమ్మిది పరుగులు చేశాడు. మ్యాచ్ డ్రా అయింది. టీవీ ముందున్న వాళ్ళమ్మ మాత్రం తల కొట్టుకుంది. "గట్టిగా కొట్టడేం వీడు? నేను రొట్టె పెట్టడం లేదనుకుంటారు జనం."

సెలెక్టర్లకూ ఆ ఆట నచ్చలేదేమో, మళ్ళీ పిలవలేదు. కొన్నాళ్ళు కుమిలిపోయాడు. తరవాత ఒక బ్యాంకు జట్టుకు ఆడుతూ, అక్కడే గుమస్తాగా చేసి, యాభై ఒకటో ఏట ఉద్యోగం మానుకున్నాడు.

అప్పుడే కూతురు నిగహత్ పట్టుబట్టింది. "అబ్బాజీ, మా కాలేజీ జట్టుకు కోచ్ లేరు. మీరు రండి."

"నాకొచ్చింది బంతిని ఆపడమేనమ్మా."

"అదే నేర్పండి."

పది రోజులు అదే నేర్పాడు. పదకొండో రోజు ఓపెనర్ కోమల్ అడిగేసింది. "సర్, ఆపడం వచ్చేసింది. సిక్సర్ ఎలా కొట్టాలో చెప్పండి."

సఖావత్ కాసేపు గ్లవ్స్ సర్దుకున్నాడు. "నిజం చెప్పనా? నా జన్మలో ఒక్కటీ కొట్టలేదు."

నవ్వుతారనుకున్నాడు. "అయితే మాతోపాటు నేర్చుకోండి సర్" అంటూ కోమల్ బంతి అందుకుంది.

వారమంతా అమ్మాయిలు బంతులు వేస్తే అతను గాలిని కొట్టాడు. నడుం పట్టేసింది. భార్య ఆవనూనె రాస్తూ, "టెస్టు ఆడొచ్చినప్పుడు కూడా ఇంత మూలగలేదు" అంది.

ఎనిమిదో రోజు బంతి బ్యాట్ నడిమధ్య తగిలింది. గోడ దాటి, పక్కనే ఉన్న అస్లం పహిల్వాన్ కొట్లో లస్సీ బానలో పడింది. నేనూ ఆ కొట్లోనే ఉన్నాను. మీసాల నిండా లస్సీతో పహిల్వాన్ బంతి పట్టుకుని కాలేజీకి నడిచాడు. వెనకే నేను.

"ఎవరు కొట్టింది?"

అమ్మాయిలంతా సఖావత్‌ను చూపించారు.

"అబద్ధాలాడకండి బిడ్డా. ఈయన టెస్టు నేను టికెట్టు కొని చూశాను. హాయిగా నిద్రపట్టింది."

"నేనే కొట్టాను పహిల్వాన్‌జీ" అన్నాడు సఖావత్.

"నా కళ్ళముందు కొట్టండి బట్ సాబ్. అందరికీ లస్సీ పోయిస్తా."

మొదటి బంతిని అలవాటుకొద్దీ ఆపేశాడు. రెండోదీ అంతే. పహిల్వాన్ వెనక్కి తిరిగాడు. మూడోది వెళ్ళి లస్సీ కొట్టు రేకుల మీద ధడాలున మోగింది.

పహిల్వాన్ "పెద్ద గ్లాసులు కడగాలి" అని గొణుక్కుంటూ వెళ్ళాడు. అమ్మాయిలు సఖావత్‌ను ఎత్తబోయారు గానీ, నడుం నొప్పని అతనే ఒప్పుకోలేదు.

ఆ ఏడు జిల్లా కప్పు వాళ్ళదే. ఫైనల్లో కోమల్ నాలుగు సిక్సర్లు కొట్టింది.