సూపర్‌వైజర్ ముందు రాని మాట

ఆ ఉదయం నా పాదాలు చెప్పుల్లో పట్టలేదు. ముఖం కూడా ఉబ్బింది. దోహాలో ఎటు చూసినా కొత్త టవర్లు లేస్తున్న రోజులవి. నేను స్కూల్ బస్సులో అటెండెంట్‌ని. అల్ అజీజియాలో పిల్లలను ఎక్కించుకోవడం మొదలైతే మధ్యలో టాయిలెట్‌కు ఆగడం ఉండదు. చేరిన రోజే సీనియర్ లక్ష్మక్క చెప్పింది: "డ్యూటీ అయ్యేదాక నీళ్లు ముట్టకు పిల్లా. నేను పదేండ్ల సంది గిట్లనే ఉన్న."

నాలుగేళ్లు నేనూ అలాగే ఉన్నాను. ఎండకు తల పగిలిపోయేది. ఊరి నుంచి వచ్చేవాళ్లతో తెప్పించుకున్న నొప్పి మాత్రలు రోజుకు రెండు వేసుకునేదాన్ని.

ఆ రోజు మా కంపెనీ సూపర్‌వైజర్ నన్ను అల్ సద్‌లో క్లినిక్‌కు తీసుకెళ్లాడు. సిక్ లీవ్ సంగతి తేల్చేది ఆయనే కాబట్టి డాక్టర్ గదిలోనే కూర్చున్నాడు. డాక్టర్‌ది హైదరాబాద్.

"యూరిన్ సరిగ్గా వస్తోందా? పెయిన్ కిల్లర్స్ వాడుతున్నావా?"

నా బదులు సూపర్‌వైజర్ నవ్వాడు. "లీవ్ కావాల్నంటే అందరికీ కాళ్లు వాస్తయ్ డాక్టర్ సాబ్."

ఆయన ముందు మూత్రం మాట నా నోట రాలేదు. "ఏమీ లేదు, ఏమీ వాడట్లేదు" అన్నాను.

రక్తపరీక్షలో కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.8 వచ్చింది, ఒకటి దగ్గర ఉండాలట. నెల తర్వాత మళ్లీ రమ్మన్నారు. ఆ నెలలో కాళ్లు లాగుతున్నాయని నేను ఇంకో మాత్ర పెంచాను. రెండోసారి 2.9. అల్ట్రాసౌండ్‌లో రెండు కిడ్నీలూ కుంచించుకుపోయి కనిపించాయి.

అప్పుడు నా డ్యూటీ డైరీలోంచి ఒక కాగితం చింపి, మాత్రల పేరు, ఎన్ని, ఎన్నేళ్లు, నీళ్ల సంగతి రాసి డాక్టర్ ముందుకు జరిపాను. డాక్టర్ అది చదివి, సూపర్‌వైజర్‌ను బయటికి పంపారు.

"నీళ్లు తాగకపోవడం వల్లనా సార్, మాత్రల వల్లనా?"

"ఎండలో పనిచేసేవాళ్ల కిడ్నీలు ఎందుకు పోతున్నాయో మాలో మాకే వాదన నడుస్తోందమ్మా. కొందరు ఎండలో నీళ్లు తాగకపోవడం అంటారు, కొందరు మాత్రలంటారు. నీకు రెండూ ఉన్నాయి. పోయినంత మేర మళ్లీ రాదు."

ఇప్పుడు స్కూల్ లైబ్రరీలో అరలు తుడుస్తాను. ఉప్పు తగ్గించాను. డయాలిసిస్ ఇంకా మొదలవలేదు. మొదలవుతుందనే డాక్టర్ అంటున్నారు. లక్ష్మక్క మాత్రం, "నాకేం గాలే గద. నీ ఒళ్లే అసుంటిది" అంది. బస్సులో నా సీట్లోకి వచ్చిన అమ్మాయికి నీళ్లు తాగమని చెప్పాను. "బస్సు ఆపుమంటే డ్రైవర్ నవ్వుతడక్కా" అంది.

డాక్టర్ గదిలో కంపెనీ మనిషి ఉంటే బయటికి పంపమని అడగండి. నోరు రాకపోతే వేసుకునే ప్రతి మాత్ర పేరూ కాగితం మీద రాసివ్వండి. మొదటి రోజే ఇవ్వండి. నేను నెల ఆగాను.