అబద్దం ఎస్టేటు

మా పిన్నికి మాట కంటే ముందు చూపుడువేలు లేచేది. మలేషియాలో బంటింగ్ నుంచి క్లాంగ్‌కి వెళ్లే బస్సులో, కమ్యూనిటీ కాలేజీ సాయంత్రం క్లాసులకి ఇద్దరం కలిసి వెళ్లేవాళ్లం. నాది సైకాలజీ, ఆవిడది రియల్ ఎస్టేట్. రబ్బరు ఎస్టేటు కూలీల వరస ఇళ్లలో, ఆ లైన్లలో పుట్టి, వాటిని ఖాళీ చేయించినప్పుడు తట్టాబుట్టాతో బయటికి నడిచిన మనిషి. కోర్సు పేరు మొదటిసారి వినగానే నా మీదికి వేలు లేపింది.

"రియల్ అంటే నిజం కదేటి? మరి నాను పుట్టింది ఏటి, అబద్దం ఎస్టేటా?"

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. ఆ కోపంతోనే చేరింది.

పిన్ని కోర్సు ఆఖరి క్లాసులో ఒక్కొక్కరూ ఒక ఇంటిని కొనేవాళ్లకి చూపిస్తున్నట్టు మాట్లాడాలి. నేనూ వెళ్లి వెనక కూర్చున్నాను. పిన్ని మా పాత లైన్ల చోట లేచిన కొత్త ఇంటి ఫోటో తెర మీద పెట్టి, మలాయ్ భాషలో మొదలుపెట్టింది. ఈ కారు నిలిపే చోటే తను పుట్టిన రోజున మా అమ్మమ్మ తన పురిటి మాయ పాతిపెట్టిందని చెప్పింది. ఇలాగైతే ఇల్లు అమ్ముడుపోదు, కూర్చోమన్నాడు లెక్చరర్. పిన్ని కూర్చోలేదు. కుళాయి ఎక్కడుండేదో, అమ్మవారి గుడి ఎక్కడుండేదో చూపించేదాకా వేలు దించలేదు.

తిరుగు బస్సులో ఉండబట్టలేక అన్నాను. "పోయినదాన్ని పట్టుకుని వేలాడటానికి మా సైకాలజీలో ఒక పేరుంది, పిన్నీ."

బస్సు ఆ కొత్త ఇళ్ల గేటు, ఒకప్పటి మా ఎస్టేటు గేటే, దాటుతోంది. వేలు అటు లేచింది, కోపంలో మాట చివర మలాయ్ వాళ్ల 'లా' కూడా చేరింది.

"దానికైతే పేరెట్టినారు లా! మరి ఆ గేటు మీద మన ఎస్టేటు పేరు ఎందుకు సెరిపేసినారు?"