పన్ను గుంజుడు

ఎల్బీ నగర్ చౌరస్తా దగ్గరి దీక్షా శిబిరంలో మైకు తగిలి నా ముందు పన్ను విరిగింది. సకల జనుల సమ్మె రోజులవి. బస్సులు లేవు, బడులు లేవు, ఇళ్లలో కంటే టెంట్ల కిందే జనం ఎక్కువ. ఒకరి నినాదం పూర్తికాకముందే ఇంకొకరు మైకు గుంజుకునేవాళ్లు. నేనూ తక్కువదాన్ని కాదు. ఆ రోజు మైకుకు ఒకవైపు నేను, రెండోవైపు మా కాలనీ పెద్దమ్మ. ఆమె ఉన్నట్టుండి వదిలేసింది. నేను వదల్లేదు. అది నేరుగా వచ్చి నా మూతికి తగిలింది. టక్కుమన్న చప్పుడు స్పీకర్లలోంచి చౌరస్తా అంతటా వినిపించింది.

అందరూ నా పెదవి నుంచి కారే రక్తం చూస్తుంటే నేను మాత్రం కింద టార్పాలిన్ మీద వెతుకుతున్నాను. పల్లీల పొట్టులో దొరికింది, నా పన్ను ముక్క. బియ్యపుగింజకు అన్నలాగా ఉంది. “గదేం జేసుకుంటవే, పారెయ్యి” అంది పెద్దమ్మ. నాది నేనెందుకు పారేస్తాను? కొంగున ముడేసుకున్నాను.

పన్ను విరగడం ఒక బాధ అయితే, అది విరిగిన సమయం ఇంకో బాధ. కొద్ది రోజుల్లో సద్దుల బతుకమ్మ. ఆ సాయంత్రం చౌరస్తాలోనే బతుకమ్మ ఆడాలని, పాట నేనే ఎత్తుకోవాలని శిబిరంలో అందరూ అనుకున్నారు. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ప్రైవేటు బడిలో తెలుగు టీచర్ని. టీచర్ని కదా అని తెలివి చూపించుకోబోయాను. ప్రతి పాదమూ త, ద, న అనే అక్షరాలతోనే మొదలయ్యేలా పాట కట్టాను. తంగేడుతో మొదలై తెలంగాణతో ముగుస్తుంది. ఆ అక్షరాలను దంత్యాలంటారని, నాలుక పళ్లకు తగిలితేనే పుడతాయని ఏటా పిల్లలకు చెప్పేదాన్ని నేనే. ఇప్పుడు నాలుక పోయి తగలడానికి అక్కడ పన్ను సగమే ఉంది. తంగేడు అనబోతే గాలి ముందు వచ్చి, మాట వెనక వచ్చింది.

వనస్థలిపురంలో మా కిరాయి ఇంట్లో అద్దం ముందు నిలబడి ఆ ఒక్క మాటే అని చూసుకుంటుంటే మా ఆయన అన్నాడు, “ఇంకో పాట పాడరాదు?”

“ఇంకో పెండ్లాన్ని తెచ్చుకోరాదు?” అన్నాను. 

మర్నాడు ఇంటి దగ్గరి పళ్ల దవాఖానకు పోయాను. ఆ డాక్టరు ఒక్క చూపు చూసి, మిగిలిన పన్నును చుట్టూ చెక్కి సన్నం చేసి పైన క్యాప్ తొడుగుదామన్నాడు. ముక్క చూపిస్తే నవ్వి, చెత్తబుట్ట వైపు చేయి చూపించాడు. నాకు ఒళ్లు మండింది. విరిగింది సగం. నిక్షేపంలా ఉన్న మిగతా సగాన్ని కూడా చెక్కేస్తే ఇక నాదంటూ ఏం మిగులుతుంది? ముక్కను మళ్లీ కొంగున ముడేసుకుని కుర్చీ దిగి వచ్చేశాను. ఆ రాత్రి నుంచి పన్ను ఒకటే నొప్పి.

దిల్‌సుఖ్‌నగర్‌లో మా బడికి పోయే దారిలో గాజుల దుకాణం పైన ఒక దంత వైద్యశాల ఉంది. “మీ పన్ను మీకే ఉండనిద్దాం” అని బోర్డు మీద రాసి ఉండేది. ఎన్నేళ్లుగానో చదువుతున్న మాటే. ఎప్పుడూ మెట్లెక్కలేదు. డాక్టరమ్మది గోదావరి వైపని విన్నాను. ఎవరిది ఏ వైపో ఆ రోజుల్లో అడగకుండానే తెలిసిపోయేది. నా పన్ను కోసం ఆంధ్రా మెట్లెక్కడమా అని ఎక్కడో ఒక మొండితనం. కానీ నొప్పికి ప్రాంతం లేదు కదా. షేర్ ఆటో కొత్తపేట దాకా వచ్చి ఊరేగింపుకు ఆగిపోతే, మిగతా దారి దవడ పట్టుకుని నడిచాను.

లోపల బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయిదీ డాక్టరమ్మ ఊరేనట. “ఏమైందండీ?” అంది.

వాచిన పెదవితో చెప్పాను. “ముందు పన్నమ్మా. గుంజుడు. రాత్రంత ఒకటే గుంజుడు.”

ఆ పిల్ల కళ్లు పెద్దవయ్యాయి. “రాత్రంతా గుంజారా? ఎవరండీ?”

“ఎవలు గుంజుతరు? దానంతట అదే గుంజుతది” అన్నాను విసుగ్గా. ఏం అర్థమైందో ఏమో, లేచి గబగబా లోపలికి పోయింది.

నన్ను కుర్చీలో పడుకోబెట్టి డాక్టరమ్మ చిన్న అద్దంతో చూసింది. వేలితో పన్నును మెల్లగా కదిపింది. “ఇంట్లో అంతలా ఎవరు లాగారండీ? కదలనైనా లేదు. ఇంత గట్టి పన్నును ఎందుకు పీకించుకుంటానంటున్నారు?” అంది.

నేను లేచి కూర్చున్నాను. “పీకించుకుంట అని ఎవలన్నరు?”

“గుంజమన్నారని మా అమ్మాయి చెప్పింది.”

“గుంజుతుంది అన్న. గుంజుమనలే! గుంజుడంటే నొప్పి!”

“అయ్యో. మేం గుంజడమంటే లాగడమే అనుకుంటామండీ. పన్నయితే సలుపుతోందంటాం. కాళ్లయితే లాగుతున్నాయంటాం.”

“మరి కాళ్లు లాగుతున్నయంటే వాటిని గూడ పీకేస్తరా?”

 డాక్టరమ్మ మూతికి కట్టుకున్న మాస్కు ఊగడం మొదలైంది. నవ్వు ఆపుకోలేక చేతిలోని అద్దం పక్కన పెట్టేసింది. తలుపు దగ్గర నిలబడ్డ అమ్మాయి సిగ్గుతో బయటికి పరుగెత్తింది. పెదవి మండుతున్నా నాకూ నవ్వాగలేదు.

“ఇంతకీ ఎలా విరిగింది?” అందామె కళ్లు తుడుచుకుంటూ.

“మైకు తగిలి.”

“ఏ మైకండీ?”

“తెలంగాణ మైకు.” గొంతులో కాస్త పొగరుంది. ఉండాలనే ఉంచాను.

 ఆమె ఏమంటే ఏమని జవాబివ్వాలో నేను మనసులో సిద్ధం చేసుకుంటున్నాను. ఆమె మాత్రం “విరిగిన ముక్క ఉందా?” అని అడిగింది.

కొంగు ముడి విప్పి ఇచ్చాను. ఆమె దాన్ని అరచేతిలో తిప్పి చూసి, పోయిన ముక్కుపుడక దొరికినంత సంబరపడింది. “ఎంత మంచి పని చేశారండీ! ఎవరూ దాచుకోరు. ఇది ఎండి సుద్దలా అయింది. నీళ్లలో వేద్దాం, తాగనివ్వండి” అంది. నన్ను మెచ్చుకున్న ఆ మాటకు, నిజం చెప్పాలంటే, నా కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పటిదాకా అందరూ పారెయ్యమన్నవాళ్లే.

ముక్క నానేలోపు నింపాదిగా చెప్పింది. నరం బయటపడలేదట, పగులు దాని దగ్గర దాకా పోయి ఆగిందట. “అందుకే ఆ సలుపు” అని, వెంటనే “ఆ గుంజుడు” అని దిద్దుకుంది. “దేన్నీ చెక్కను. మీ ముక్కను మీ పన్నుకే అతికిస్తాను. అతుకు ఎప్పుడైనా ఊడితే మళ్లీ వేసుకోవచ్చు. చెక్కేసిన పన్ను మాత్రం తిరిగి రాదండీ.”

పన్నును కడిగి ఆరబెట్టింది. నరానికి దగ్గరున్న చోట ఏదో మందు పూసింది. జిగురు రాసి ముక్కను దాని చోట పెట్టి ఇటు జరిపి, అటు జరిపి, పగులు గీత పగులు గీతతో కలిసేదాకా వదల్లేదు. నీలిరంగు లైటు పట్టింది. ఆ ఓపిక చూస్తే మా ఊళ్లో నా పగిలిన రాతి పలకను అతికిద్దామని కూర్చునే మా నాయనమ్మ గుర్తొచ్చింది. ఆమె అతుకు ఎప్పుడూ నిలవలేదు.

“ఇప్పుడు పలుకు చూద్దాం. త ఉన్న మాట ఏదైనా అనండి.”

నేనేమంటాను? “తెలంగాణ” అన్నాను.

గాలి రాలేదు. నాలుక పోయి నా పన్నుకే తగిలింది. త, ఆ తర్వాత మాట, చెక్కు చెదరకుండా వచ్చాయి. ఇంకోసారి అన్నాను. ఆమె అడగకపోయినా మూడోసారీ అన్నాను.

“సరే, వినపడింది” అంది నవ్వుతూ. “కింది పెదవి పన్నుకు ఎలా తగులుతుందో కూడా చూడాలి. ‘వ’ ఉన్న మాట నేను చెప్తాను. విజయవాడ అనండి.”

ఆమె కళ్లలో కొంటెతనం చూశాను. ఓడిపోయేదాన్ని కాదు నేను. “విజయవాడ” అన్నాను, రెండు ‘వ’లూ స్పష్టంగా.

“రెండూ బాగా పలికాయి” అంది.

ఇంటికొచ్చి అద్దంలో చూస్తే ముక్క మిగతా పన్ను కంటే తెల్లగా కనిపించింది. తడి పట్టాక కలిసిపోతుందని ఆమె చెప్పింది. సద్దుల నాటికి నిజంగానే కలిసిపోయింది. ఎక్కడ విరిగిందో మా ఆయన వెతుక్కోవాల్సి వచ్చింది.

ఆ సాయంత్రం చౌరస్తాలో నడిరోడ్డు మీద బతుకమ్మలు వరుసగా నిలిచాయి. ఈసారి పెద్దమ్మ మైకును రెండు చేతులతో పట్టుకుని తెచ్చి, నా మూతికి దూరంగా ఉంచింది. “తంగేడు పూసింది ఉయ్యాలో” అని ఎత్తుకున్నాను. తంగేడు తంగేడులాగే వచ్చింది. ఒక్కో పాదానికీ నా నాలుక ఆ పన్నును తడుముతూ పోయింది, అది ఒక్కసారి కూడా మొహం చాటేయలేదు. చివరి పాదానికి వచ్చేసరికి చుట్టూ ఆడవాళ్లంతా అందుకున్నారు. తెలంగాణ అన్న మాట స్పీకర్లలోంచి చౌరస్తా దాటి పోయింది. నా జన్మలో అంత గట్టిగా ఏ అక్షరమూ పలకలేదు. గెలిచానని అరవాలనిపించింది. రాష్ట్రం రావడానికి ఇంకా టైముంది, కానీ నా పన్ను నాకు వచ్చేసింది.

రాష్ట్రం వచ్చాక ఒకరోజు పళ్లు క్లీనింగ్ చేయించుకోవడానికి ఆ మెట్లెక్కాను. బల్ల దగ్గర అదే అమ్మాయి. నా ముందు ఒక ముసలాయన దవడ పట్టుకుని నిలబడి, గుంజుతుంది బిడ్డా అంటున్నాడు.

ఆ పిల్ల అచ్చం మా యాసలో అడిగింది, “గుంజుతుందా తాతా, గుంజాల్నా?”

“గుంజుతుంది” అన్నాడాయన.

“అట్లయితే కూసో. మేడం నీ పన్ను నీకే ఉంచుతది” అని కుర్చీ చూపించి, నన్ను చూసి నవ్వింది. నేనూ నవ్వాను, ముందు పళ్లన్నీ కనపడేలా.