పదమూడో పక్కటెముక

ఆ రోజుల్లో నన్ను ఒకచోట కూర్చోబెట్టడం ఎవరివల్లా అయ్యేది కాదు. (ఇప్పుడు కూర్చుంటే లేవడం కష్టంగా ఉంది, అది వేరే సంగతి.) ఇంటర్ అయ్యాక కుట్టుమిషను నేర్చుకుంటానని వెళ్ళి, జాకెట్టుకు చేతులు కుట్టడం రాకముందే మానేశాను. కంప్యూటర్ కోర్సులో చేరి, నా పేరు నేను టైపు చేసుకోవడం రాగానే ఇంక చాలనిపించింది. మూడోసారి నర్సింగ్ అన్నప్పుడు అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేవకుండానే తీర్పు చెప్పేసింది. "ఏమే, కాలు నిలవని నువ్వు రోగుల్ని చూసుకునేదేంది? పో, చూద్దాం. మొదటి పరీక్ష తప్పినావంటే మాత్రం పెట్టె సర్దుకొని వచ్చెయ్. మళ్ళీ ఇంకో చదువు ఊసెత్తావంటే ఊరుకోను." కారంపూడి దగ్గర మా పల్లె నుంచి నరసరావుపేట హాస్టల్ దాకా పెట్టె మోసుకొచ్చిన నాన్న, గేటు దగ్గర "మీ అమ్మ మాటలు పట్టించుకోమాక" అన్నాడు. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి, "పరీక్ష మాత్రం తప్పమాక తల్లీ" అన్నాడు.

మొదటి ఏడాది పాఠం మనిషి శరీరం. ఉన్న కాస్త కుదురూ చెడగొట్టే చదువు ఇంతకన్నా ఇంకోటి ఉండదు. గుండె పాఠం చెప్పిన రోజు నుంచి నా గుండె చప్పుడు నాకే వినపడటం మొదలైంది. మెస్సులో కూడా మణికట్టు మీద వేళ్ళు పెట్టుకొని నాడి చూసుకుంటుంటే కంచంలో అన్నం చల్లారిపోయేది. ఊపిరితిత్తుల పాఠం అయ్యాక, ఊపిరి దానంతట అదే ఆడుతుందన్న నమ్మకం పోయి, ప్రతి ఊపిరీ నేనే గుర్తుపెట్టుకొని పీల్చసాగాను. రక్తం ఒంట్లో ఒక్క క్షణం కూడా ఆగదని మేడం చెప్పింది కదా, మరి నేను మాత్రం ఎందుకాగాలని పుస్తకం పట్టుకొని గదిలో ఆ గోడ నుంచి ఈ గోడకు తిరిగేదాన్ని. నా గదిలోనే ఉండే క్రోసూరు పిల్ల "కూర్చోవే నీకు దణ్ణం పెడతా, నిన్ను చూస్తంటే నాకు కళ్ళు తిరుగుతన్నయ్యి" అని దుప్పటి ముసుగు పెట్టేది. నేనేమో పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఆ పుస్తకంలో ఒక్కో ఎముక పేరూ నోరు తిరిగేలోపు నా కాళ్ళు వరండాలోకి వెళ్ళిపోయేవి. అలా ఎముకల అధ్యాయం సగంలో ఉండగానే వైవా ముంచుకొచ్చింది. బయటి నుంచి వచ్చే ఎగ్జామినర్ ఎదురుగా నిలబడి, అడిగినదానికి నోటితో జవాబు చెప్పాలి. వైవాకి ముందు ఆదివారం దిగులుతో బస్సెక్కి ఇంటికి పోయాను.

మా బజారులో ఆరిళ్ళవాళ్ళు కలిసి ఆదివారం పూట మేకపోతును తెచ్చుకొని, కోసి, పోగులేసి పంచుకునేవాళ్ళు. పోగులేసే పని నాన్నది. ఎవరి పోగు చిన్నదైనా వారం పొడుగునా మాటలు పడాలి కాబట్టి కార్జం ముక్క దగ్గర నుంచి పక్కటెముకల దాకా లెక్క ప్రకారం వేసేవాడు. నా మొహం చూసి సంగతి అడిగి, విని, పెద్దగా నవ్వాడు. "ఓస్, ఇదా! మనిషికీ మేకకీ ఏంది తేడా? ఇట్టా రా, ఒక్క పూటలో నేర్పిస్తా." నిజంగానే నేర్పించాడు. గుండెను చీల్చి నాలుగు గదులూ చూపించాడు. గదికీ గదికీ మధ్య తెల్లటి తలుపుల్లాంటి పొరల్ని వేలితో తీసి మూసి చూపించాడు. "పక్కకి పదమూడు, రెండు పక్కలా ఇరవై ఆరు. ఇంటికి నాలుగు పోను రెండు మిగుల్తయ్యి, అయ్యి కోసినందుకు మనయ్యి" అన్నాడు. (ఆ రెండు పక్కటెముకల పులుసు తినే నేను పెరిగాను.) ముందుకాలు ఊడదీస్తూ, మెడ కింద వేలు పెట్టి, "చూశావా, ఈడ ఎముక అతుకే లేదు. అంతా కండే. కత్తి పెడితే జబ్బ ఊడొచ్చుద్ది" అన్నాడు. పుస్తకంలో నెలల తరబడి ఎక్కనిది గంటలో బుర్రకెక్కింది. తిరుగు బస్సులో మొదటిసారి నాడి చూసుకోలేదు.

వైవా రోజున ల్యాబులో మా కాలేజీ అస్థిపంజరం ఎదురుగా నిలబడ్డాను. అది మాకంటే చాలా సీనియర్. దవడను రబ్బరు బ్యాండుతో కట్టారు, వేళ్ళు కొన్ని తీగకు వేలాడుతుండేవి. ఎగ్జామినరమ్మ కళ్ళజోడు సర్దుకొని, పక్కటెముకలు ఎన్ని అని అడిగింది.

"ఇరవై ఆరు మేడం!" గది దద్దరిల్లింది.

"లెక్కపెట్టు."

లెక్కపెట్టాను. పక్కకి పన్నెండే ఉన్నాయి. ఇంకోసారి లెక్కపెట్టినా పన్నెండే. తల ఎత్తి చూద్దును కదా, మెడ కింద అడ్డంగా రెండు సన్నటి ఎముకలు! నాకు సంగతంతా అర్థమైపోయింది. "మేడం, ఇయ్యే ఆ రెండు. ఎవరో కిందయి ఊడితే తెచ్చి పైన తగిలించారు. అక్కడ అసలు ఎముకే ఉండదు, అంతా కండే."

పక్కనే ఉన్న మా క్లాసు మేడం కళ్ళు మూసుకుంది. ఎగ్జామినరమ్మ మాత్రం నెమ్మదిగా, "నీకెలా తెలుసు?" అంది.

"మా ఇంట్లో చూశా మేడం. ఆదివారం ఆదివారం మా నాన్న కోస్తాడు."

నా వెనక వరసలో ఉన్న క్రోసూరు పిల్ల ఒకడుగు వెనక్కి వేసింది. ఎగ్జామినరమ్మ పెన్ను కింద పెట్టి, "ఎవర్ని?" అంది.

"మేకని మేడం."

"నీ చెయ్యి నీ మెడ కింద పెట్టి నొక్కు" అంది ఎగ్జామినరమ్మ. నొక్కాను. ఉంది! ఇటొకటి, అటొకటి, పుట్టినప్పటి నుంచీ అక్కడే ఉన్నట్టు గట్టిగా ఉన్నాయి. "నీకు కూడా ఎవరన్నా తగిలించారా?" అందావిడ. ఇంక ల్యాబంతా ఒకటే నవ్వు. నవ్వులు తగ్గాక, "పో, ఆ మూల స్టూలు మీద కూర్చో. అందరూ అయ్యాక పిలుస్తా. అప్పటిదాకా మేకను వదిలేసి నిన్ను నువ్వు చదువుకో" అంది.

కూర్చున్నాను. కళ్ళ ముందు పెట్టె, పొయ్యి దగ్గర అమ్మ. లేచి పారిపోదామని కాళ్ళు ఒకటే లాగుతున్నాయి. కానీ పోతే పోయేది ఇంటికే. చేతులకు పని పెట్టాను. భుజం, మోచెయ్యి, మణికట్టు, ఏప్రాను మీంచి పక్కటెముకలు, మోకాలిచిప్ప, అన్నీ తడుముకుంటూ గోడ మీది పటంలో వాటి పేర్లు వెతుక్కున్నాను. ఇంత సామాను లోపల మోస్తూ, దీని సంగతే తెలియకుండా ఇన్నాళ్ళూ తిరిగానా అనిపించింది. అంతసేపు నేను ఒకచోట కూర్చోవడం మా అమ్మ చూసుంటే నాకేదో జబ్బు చేసిందనుకునేది. చివర్లో పిలిచారు. ఈసారి ఆవిడ అస్థిపంజరం వైపు పోనేలేదు, అన్నీ నా ఒంటి మీదే చూపించమంది. చెమటలు కక్కుతూ చూపించాను. ఆఖరున గుండె అడిగింది. నాలుగు గదులూ, మధ్య తలుపులూ, రక్తం ఎటు నుంచి ఎటు పోతుందో తడుముకోకుండా చెప్పాను. "గుండె మాత్రం మనిషిదే చెప్పావు" అని నవ్వి మార్కులు వేసింది. మా మేడం బయటికొచ్చి, "బొటాబొటీగా గట్టెక్కావు, ఫో" అంది.

ఆ సాయంత్రం నాన్నకు ఫోన్ చేశాను. పాసయ్యానంటే పొంగిపోయాడు. "కానీ నాన్నా, మనిషికి పక్కకి పన్నెండేనంట. మెడ కింద ఎముక కూడా ఉందంట" అన్నాను. అవతల ఏదో తడుముకుంటున్న అలికిడి. "ఉందే తల్లీ... ఇన్నేళ్ళబట్టి తువ్వాల ఏసుకుంటంది దీని మీదేగా" అన్నాడు. తర్వాత గొంతు బాగా తగ్గించి, "నా మూలాన నీ చదువు పోయేదిగా" అన్నాడు. "గుండె నీ మూలానే వచ్చింది నాన్నా" అన్నాను. వెనక నుంచి అమ్మ, "ఏందంట? పెట్టె సర్దుకుందా?" అని అడగడం వినిపించింది. "నువ్వుండు, అది ఇంక రాదు" అన్నాడు నాన్న.

ఇప్పుడు నేనొక వార్డుకు ఇన్‌ఛార్జిని. కూర్చోవడం వచ్చింది, ఎముకల పేర్లన్నీ వచ్చాయి. ఎవరేం చెప్పినా రిపోర్టు ఏదని అడుగుతాను, చూశాక కూడా ఇంకోసారి తీయించమంటాను. ఈ ఉద్యోగంలో అలాగే ఉండాలి. కానీ అప్పుడప్పుడు ఆ ల్యాబులో నిలబడ్డ పిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది. కళ్ళెదురుగా నిలువెత్తు అస్థిపంజరం కనిపిస్తుంటే, తప్పు దానిదేగానీ మా నాన్నది కాదనుకుంది. అంత గట్టిగా నేను ఒకరి మాట నమ్మి చాలా ఏళ్ళయింది.